తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్కేసుకున్న అండమాన్ ట్రిప్పు

అండమాన్ అనగానే మా వాట్సాప్ గ్రూపులో ముందు పడినవి రిసార్టుల ఫోటోలు. ఎవరి గది సముద్రం వైపు ఉండాలన్న దాని మీద రెండు రోజులు కొట్టుకున్నారు. అంతకుముందు వెళ్ళొచ్చిన మా ఆఫీసు అన్నయ్య ఒకాయన మాత్రం నాతో అన్నది వేరు. "గదులు ఎప్పుడైనా దొరుకుతాయి తమ్ముడూ, ముందు ఓడ చూసుకో. అది కూడా తిరుగు విమానం దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రా."

మా ట్రిప్పంతా ఆ మాట మీదే నడిచింది కాబట్టి ముందు ఆ లెక్కే చెప్తాను. విమానం దిగేదీ ఎక్కేదీ పోర్ట్ బ్లెయిర్‌లో. అందరూ ఫోటోల్లో చూసే బీచులేమో హేవలాక్ దీవిలో. మనలాంటివాళ్ళకి మధ్యలో ఓడే దారి. గాలి లేస్తే ఓడలు ఆపేస్తారు, ఎవరి విమానం ఎప్పుడో వాళ్ళకి అనవసరం. అందుకని విమానానికి ముందు రోజు పూర్తిగా పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీగా ఉంచుకోవాలి. స్కూబా, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకి దిగడం, చేస్తే ఆ తర్వాత 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు. నీటి అడుగున ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ టైము కావాలి, లేకపోతే పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు అది బుడగలు కడుతుంది. కాబట్టి స్కూబా హేవలాక్‌లో దిగిన మొదట్లోనే పెట్టుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్‌వాళ్ళు స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన సెల్యులార్ జైలుకి సోమవారం సెలవు, అంటే మనం ఉంచుకున్న ఆ ఖాళీ రోజు సోమవారం కాకూడదు. ఇవన్నీ ఒక కాగితం మీద వేసేసరికి ఏ రోజు ఎక్కడ పడుకోవాలో దానంతటదే తేలిపోయింది. సముద్రం వైపు గది గొడవ కూడా తీరింది, ఎందుకంటే మాకు కావలసిన తేదీలకి మిగిలినవి తోట వైపు గదులే.

మేం నలుగురం. నేను, శీను, ప్రసాద్ వైజాగ్ నుంచి. రాజు హైదరాబాద్ నుంచి. ఇంజనీరింగ్‌లో ఒకే బెంచి. చెన్నైలో కలుసుకుని అక్కడి నుంచి ఒకే విమానం. డబ్బు సంగతి ముందే తేల్చుకున్నాం. తలా ఇంత కామన్ ఫండ్‌లో వేసి రాజు చేతిలో పెట్టాం. వాడు పిసినారి కాబట్టే వాడికిచ్చాం, ఆ మాట వాడి ముందే అనుకున్నాం.

ఓడ టికెట్ల దగ్గర ఒక చిక్కుంది. హేవలాక్‌కి 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాతవే. రాజు ఓ గంటసేపు "హేవలాక్‌కి అసలు ఓడలే లేవురా" అని బాధపడ్డాడు. ఓడలు రెండు రకాలు. సర్కారు ఓడలో టికెట్టు వందల్లోనే అయిపోతుంది, డెక్ మీదికెళ్ళి గాలి పీల్చుకుంటూ నిలబడొచ్చు. కానీ దీవుల్లో ఉండేవాళ్ళకి అదే బస్సు, ఆసుపత్రికైనా కాలేజీకైనా అందులోనే వెళ్ళాలి, సీజన్‌లో మనకి దొరకడం కష్టం. ప్రైవేటు ఓడలో ఏసీ, మెత్తటి సీట్లు, గంటన్నర నుంచి రెండున్నర గంటల ప్రయాణం, రేటు వెయ్యి దాటుతుంది. మేం నెల ముందే రానూపోనూ ప్రైవేటులో కొనేశాం.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన సాయంత్రం అబెర్డీన్ బజార్‌లో తిరుగుతుంటే శీను ఫోన్‌లో వాళ్ళావిడతో మాట్లాడుతున్నాడు. పక్కనే ఆటో ఆపుకుని ఉన్న పెద్దాయన తల బయటికి పెట్టి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. ఆయనది సోంపేట దగ్గర. వాళ్ళ నాన్న చేపల వేటకని ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. వైజాగ్ నుంచి ఇక్కడికి ఓడలో రెండు రోజుల పైన పడుతుంది, ఇప్పటికీ తిరుగుతోంది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం దాకా ఉన్నారు, ఆ సంగతి ఆటో స్టాండులో నిలబడితే తెలిసిపోతుంది. ఆయనే మమ్మల్ని మర్నాడు పొద్దున్న జెట్టీకి దింపాడు. దింపుతూ ప్రసాద్ మొహం చూసి, "అవోమిన్ ఏసుకున్నావా? ఎక్కేక ఏసుకుంటే పనిసెయ్యదు, ఇప్పుడే ఏసుకో" అన్నాడు. వాంతుల మాత్ర ఓడెక్కడానికి అరగంట, గంట ముందే పడాలి. ప్రసాద్ వేసుకున్నాడు, హాయిగా నిద్రపోయాడు. నాకేం కాదన్న రాజు దారంతా కవరు మొహానికి పెట్టుకుని కూర్చున్నాడు.

జెట్టీలో విమానాశ్రయం తరహాలోనే సామాను స్కానింగ్, పేరు పేరునా గుర్తింపు కార్డు. ఓడ కదలడానికి గంట ముందు రమ్మంటారు. ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

హేవలాక్‌లో ఊళ్ళ పేర్లు గోవింద్ నగర్, విజయనగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్, రాధానగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళని తెచ్చి ఇక్కడ స్థిరపరిచారు, ఆ పేర్లు వాళ్ళ భక్తి. తిండి కూడా వాళ్ళదే: అన్నం, పప్పు, ఆవనూనెలో వేయించిన చేప. రిసార్టు భోజనం కన్నా బజారు దగ్గర రేకుల షెడ్డు హోటల్లో తిన్నదే బాగుంది, రేటు సగం కూడా లేదు. నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకోకూడదు. చెన్నై నుంచి సముద్రంలో కేబుల్ వేసి 2020లో ఇంటర్నెట్ ఇచ్చారు గానీ, మేం ఉన్న చోట ఫోన్‌పే చక్రం తిరుగుతూనే ఉండేది. రాజు చెన్నైలోనే నోట్లు తీసి పెట్టుకోవడం మా అదృష్టం.

ఇక స్కూబా. ముందు ఫారం నింపాలి. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, చెవి నొప్పా, జలుబా అని వరసగా ప్రశ్నలు. ఓడలో కక్కుకున్న రాజుకి జలుబు కూడా ఉంది. జలుబుంటే చెవి లోపలి ఒత్తిడి సర్దుకోదని వాడిని ఆరోజు దింపలేదు. మొదట్లోనే పెట్టుకున్నాం కాబట్టి రెండు రోజులాగి, ముక్కు తేలికపడ్డాక వాడొక్కడూ వెళ్ళొచ్చాడు. అప్పటికీ విమానానికి బోలెడు టైముంది. చివరి రోజు పెట్టుకునుంటే వాడు ఒడ్డున ఫోన్లు కాసుకోవడమే.

నాకు ఈత రాదు. ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు, లోపలికి దిగాక అతనే వెనక నుంచి సిలిండరు పట్టుకుని నడిపిస్తాడు, ఈతతో పని లేదు. నాకు వచ్చిన కుర్రాడు మాయాబందర్ వైపు కరెన్ తెగ అబ్బాయి. వాళ్ళ ముత్తాతలని 1925లో బర్మా నుంచి అడవి పనులకి తీసుకొచ్చారు. నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి అరగంట నేర్పించాడు. నోటితోనే ఊపిరి, ముక్కు మర్చిపో. మాస్కులో నీళ్ళొస్తే తలెత్తి ముక్కుతో ఊదెయ్. చెవి నొప్పి పుడితే ముక్కు మూసి మెల్లగా ఊదు. బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి తీసుకెళ్ళమని. బాగుంటే వేళ్ళు సున్నాలా చుట్టు.

చివరిది ప్రసాద్ బుర్రకి ఎక్కలేదు. నీటి అడుగున మొదటి చేప కనపడగానే సంబరంగా బొటనవేలు పైకెత్తాడు. శిక్షకుడు పైకి తీసుకొచ్చి "ఏమైంది?" అన్నాడు. "సూపర్!" అన్నాడు వీడు. మళ్ళీ దిగారు, మళ్ళీ ఎత్తాడు. శీనుది ఇంకో గోల. వాడి మీసం వల్ల మాస్కు అంటుకోక నీళ్ళు కారిపోతున్నాయి. తీసేయమంటారేమోనని గుండె గుభేలుమంది వాడికి. వాళ్ళు వ్యాజిలైన్ తెచ్చి మీసం మీద దట్టంగా పులిమారు. సరిపోయింది. వాడి స్కూబా ఫోటోలన్నింటిలో ఆ మీసం నిగనిగలాడుతూ ఉంటుంది.

నేను తల ముంచగానే చేసిన పని ఊపిరి బిగబట్టడం. ఆ అబ్బాయి నా మొహం ముందుకొచ్చి చేత్తో గాలి పీల్చమన్నట్టు చూపించాడు. పీల్చాను. లోహపు వాసనేసే చల్లటి ఎండు గాలి, వదిలితే చెవుల పక్క నుంచి బుడబుడమని బుడగలు. నాలుగు ఊపిర్లయ్యాక భయం పోయింది. చెవులు మాత్రం రెండు మీటర్లు దిగేసరికే పట్టేశాయి, ముక్కు మూసి ఊదితే టప్‌మని విడిపోయాయి. కిందికి దిగేకొద్దీ ప్రతి మీటరుకీ అదే పని. ఒకచోట నా చేతిని చూసుకుంటే సింహాచలంలో కట్టించుకున్న ఎర్ర తాడు బూడిద రంగుకి తిరిగి ఉంది. లోతుకి వెళ్ళేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపేనని చదివాను గానీ, నా చేతి మీదే జరుగుతుంటే చూడటం వేరు. ఆ అబ్బాయి టార్చ్ వేస్తే మళ్ళీ ఎర్రబడింది.

పగడాల సంగతి నిజం చెప్పాలి. ప్రకటనల్లో చూపించే రంగులేం లేవు. 2010లో సముద్రం వేడెక్కి ఈ దీవుల చుట్టూ పగడాలు విపరీతంగా తెల్లబడి చచ్చిపోయాయి. మేం దిగిన చోట చాలాభాగం గోధుమ రంగు దిబ్బలే, మధ్యమధ్యలో బతికినవి. కానీ చేపలకేం తక్కువ లేదు. చిలక ముక్కు చేప ఒకటి రాయిని కొరుకుతుంటే ఆ కరకర నీళ్ళలో నాకు స్పష్టంగా వినపడింది. అది పగడాన్ని కొరికి అరిగించుకుని వెనక నుంచి ఇసుక వదులుతుంది. అంత తెల్లగా మెరిసే బీచుల్లో కొంత దాని పుణ్యమే. పైకొచ్చాక శీనుకి చెప్తే, వాడు కాళ్ళ కింది ఇసుకని అదోలా చూశాడు.

రాధానగర్ బీచికి స్కూటర్లు అద్దెకు తీసుకుని వెళ్ళాం, జెట్టీ నుంచి పది కిలోమీటర్ల పైన. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచులకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు మన రుషికొండకీ దీనికీ వచ్చింది 2020లో ఒకేసారి. వైజాగ్ వాణ్ణి కాబట్టి పోల్చకుండా ఉండలేను: ఇక్కడ అల మెత్తన, ఇసుక పిండి, వెనక అడవి. కాకపోతే రుషికొండలో మొసళ్ళ బోర్డులు లేవు. బోర్డు ఉన్న వైపు నీళ్ళలో దిగకండి, అది అలంకారానికి పెట్టింది కాదు. ఇంకోటి, మేం వెళ్ళింది జనవరి ఆఖర్లో, సూర్యుడు ఐదున్నర కాకముందే దిగిపోయాడు. హైదరాబాద్ కంటే ముప్పావుగంట ముందు. నాలుగింటికి టీ తాగి బయల్దేరదామన్న రాజు మాట విని ఉంటే చీకటి చూసి వచ్చేవాళ్ళం. ఇసుక దోమలు కూడా అదే వేళకి లేస్తాయి, పాదాలకి కొబ్బరినూనె రాసుకుంటే కొంత నయం.

తిరుగు రోజు గాలి లేచింది. పొద్దుటి ఓడలు ఆపేశారని జెట్టీలో చెప్పారు. మేం నాలుగు కొబ్బరిబోండాలు కొట్టించుకుని బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ఒక కుటుంబం, ఆ సాయంత్రమే వాళ్ళకి కోల్‌కతా విమానం. ఆయన కౌంటరు దగ్గరికీ పిల్లల దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు. కౌంటరులో కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు, సముద్రం వాడి మాట వినదు కదా. మధ్యాహ్నం దాటాక ఓడ వదిలారు. మాకు పోయింది ఒక పూట, వాళ్ళ విమానం మాత్రం ఎగిరిపోయింది.

ఆ ఖాళీ రోజునే సెల్యులార్ జైలు చూశాం. ఏడు రెక్కల్లో ఇప్పుడున్నవి మూడే. ఒక రెక్క గదుల తలుపులు పక్క రెక్క వీపుకి ఎదురుగా ఉంటాయి, అంటే ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది ఇక్కడే. విడుదలై ఇంటికెళ్ళి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. మా ఊరి తొలి ఎంపీల్లో ఒకాయన గురించి నేను మొదటిసారి ఆలోచించింది వైజాగ్‌లో కాదు, ఆ వరండాలో. గైడు ఆయన పేరెత్తలేదు. మేమే అడిగితే, పేర్లు చెక్కిన ఫలకాల వైపు చూపించాడు.

విమానాశ్రయంలో సామాను చూసేటప్పుడు గవ్వలు, పగడపు ముక్కలు తీసేయిస్తారు, చచ్చిన పగడమైనా సరే నేరమే, ఏరకండి. మా కామన్ ఫండ్‌లో ఎక్కువ తిన్నవి ఓడలూ స్కూబానే, గదులు కాదు. మేం వెళ్ళిన నెలలో సముద్రం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది, అయినా ఒక పూట పోయింది. జూన్ తర్వాత వానల్లో వెళ్ళేవాళ్ళు చివర్లో ఒక్క ఖాళీ రోజుతో సరిపెట్టుకోవద్దు, రెండు ఉంచుకోండి. ఆ రెండింట్లో ఏదీ సోమవారం కాకుండా చూసుకోండి.