ఆడి చూడకుండానే మార్కులా? గేమ్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు వైవాలో నా అనుభవం

నిన్న సాయంత్రం మా ప్రాజెక్టు మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కాయి. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. మా వెనక వచ్చే జూనియర్లకి ఈ తిప్పలు రాకూడదు.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లెటూరు. విజయనగరంలో ఒక టెక్నికల్ కాలేజీలో గేమ్ డెవలప్‌మెంట్, యానిమేషన్ కోర్సు చదివాను. సీటు, ఫీజు, బస్‌పాసు అన్నీ మామూలుగానే జరిగిపోయాయి. మొదటి ఏడాది బొమ్మలు గీయడం, బంతి ఎగరడం, మనిషి నడక. రెండో ఏడాది త్రీడీ మోడలింగ్, రిగ్గింగ్ (బొమ్మ కదిలేలా లోపల ఎముకలు అమర్చడం), కోడింగ్. ఇవన్నీ ఓపికుంటే ఎవరికైనా వచ్చేవే.

ల్యాబ్ గురించి మాత్రం ఒక మాట. మేం త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్. దాని కొత్త వెర్షన్ తెరుచుకోవాలంటే ఓపెన్‌జీఎల్ 4.3 అనే ప్రమాణాన్ని సపోర్ట్ చేసే గ్రాఫిక్స్ ఉండాలి. మా ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు అంతకంటే పాతవి. ఈ కోర్సులో చేరేవాళ్లు అడ్మిషన్ రోజున బిల్డింగు కాదు, ల్యాబ్ చూడండి. ఒక కంప్యూటర్ ఆన్ చేయించి బ్లెండర్ తెరవమనండి. తెరుచుకోకపోతే సొంత ల్యాప్‌టాప్ ఖర్చు కూడా ఫీజులో కలిపి లెక్క వేసుకోండి. గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) విషయంలో నేను ఉచితంగా దొరికే గోడో వైపు వెళ్లాను. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే ఇంకో ఇంజిన్ వాళ్లు ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించి, ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారు. అలా నిబంధనలు మార్చేవాళ్ల మీద ఆధారపడబుద్ధి కాలేదు.

మా ప్రాజెక్టు తప్పెటగుళ్ల మీద ఒక రిథమ్ గేమ్. ఉత్తరాంధ్ర వాళ్లకి చెప్పక్కర్లేదు. కాళ్లకి గజ్జెలు, గుండెల మీద గుండ్రటి తప్పెట కట్టుకుని, రెండు చేతులా దాన్ని వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడతారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో జాతర అంటే ఆ చప్పుడు వినిపించాల్సిందే. మా చిన్నాన్న మా ఊరి బృందంలో ఆడతాడు. గేమ్‌లో దరువుకి సరిగ్గా నొక్కితే ఆటగాడు ఎగురుతాడు, తప్పితే తడబడతాడు.

చిన్నాన్నని కళ్లంలో ఆడించి ఫోన్లో స్లోమోషన్‌లో తీశాను. నేను ఎగరడం తీస్తుంటే ఆయన ఆపి, "ఎగిరీటప్పుడు కాదమ్మా, దిగీటప్పుడు సూడు. మడమ ముందు తగిలిందంటే నడుం పట్టేస్తాది" అన్నాడు. ఇంటికొచ్చి ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా కనిపించింది. ముందు కాలివేళ్లు నేలకి ఆనుతాయి. మోకాళ్లు వంగుతాయి. నడుం దిగుతుంది. ఆఖరున ఛాతీ మీది తప్పెట ఒక్కసారి కిందికి జారి మళ్లీ లేస్తుంది. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన చేస్తే ఆ తప్పెట ఛాతీ కంటే రెండు ఫ్రేములు వెనక దిగాలి. రెండూ కలిసి దిగితే తప్పెటకి బరువే ఉండదు, ఒంటికి అతికించినట్టు కనిపిస్తుంది. ఆ రెండు ఫ్రేముల కోసం రాత్రిళ్లు కూర్చున్నాను.

శబ్దంతో ఇంకో చిక్కు. కంప్యూటర్ పంపిన శబ్దం స్పీకర్లోంచి మన చెవిన పడేలోపు కొన్ని పదుల మిల్లీసెకన్లు గడుస్తాయి. బ్లూటూత్ పెట్టుకుంటే ఇంకా ఎక్కువ. ఆ ఆలస్యాన్ని కొలిచి తీసేయకపోతే సరిగ్గా దరువుకే నొక్కినవాడికి కూడా తప్పు పడుతుంది. అందుకే గేమ్ మొదట్లో కాసేపు ఆటగాడి చేత దరువు వేయించి, తేడా పట్టుకునే స్క్రీన్ పెట్టాం. మా బ్యాచ్‌లో ఇంకెవరూ అంత దూరం వెళ్లలేదు. ఇది గర్వంగానే చెప్తాను.

ఇక వైవా, అంటే ప్రాజెక్టు చూపించి ప్రశ్నలకి జవాబు చెప్పే పరీక్ష. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి ఎగ్జామినర్‌గా వచ్చినాయన వేరే కాలేజీ, వేరే బ్రాంచి. నేను ల్యాప్‌టాప్‌తో పాటు స్పీకర్లు కూడా మోసుకెళ్లాను. ఆయన ముందు రికార్డు అడిగారు. అట్ట చూసి, "నేవీ బ్లూ ఉండాలి కదా, ఇది నల్లగా ఉందేంటి?" అన్నారు. నోటీసులో రంగు మాటే లేదు. పేజీలు తిప్పి, "బ్లాక్ డయాగ్రామ్ ఏది?" అన్నారు. "సర్, గేమ్ సిద్ధంగా ఉంది, రెండు నిమిషాలు ఆడి చూడండి" అన్నాను. "నేను ఆటలాడ్డానికి రాలేదమ్మా" అన్నారు.

ఏ సాఫ్ట్‌వేర్ అంటే బ్లెండర్, గోడో అని చెప్పాను. "ఫ్రీగా వచ్చేవా? ఇంకేం నేర్చుకున్నట్టు?" అన్నారు. 2025లో ఉత్తమ యానిమేషన్ సినిమాగా ఆస్కార్ తెచ్చుకున్న లాత్వియా దర్శకుడి చిత్రం బ్లెండర్‌లోనే తయారైంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఈలోగా ఆయన రికార్డులో చిన్నాన్న ఫొటో ఉన్న పేజీ దగ్గర ఆగారు.

"ఈయనెవరు?"

"మా చిన్నాన్న, సర్."

"ఓహో. ఇంట్లో వాళ్లు వేసే గెంతులే కంప్యూటర్లో వేయడానికి మూడేళ్లు చదివావన్నమాట."

పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. మా హెచ్‌ఓడీ ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. నా చెవులు వేడెక్కిపోయాయి, నోట మాట రాలేదు. ఆయన రికార్డు మూసి నా వైపు తోసి, "నెక్స్ట్" అన్నారు. స్పీకర్ల వైరు చుట్టుకునేటప్పుడు చేతులు వణికాయి.

నన్ను ఏమన్నా పడేదాన్ని. ఎండనకా రాత్రనకా జాతరల్లో గొంతు పోయేలా పాడి ఆడే మనిషిని ఫొటో చూసి అంత మాట అనేస్తే ఎలా ఊరుకుంటాం? సభల్లో మన జానపద కళలు అంతరించిపోతున్నాయని బాధపడతారు. ఆ ఇంటి పిల్లే దాన్ని కొత్త పిల్లలు ఆడే గేమ్‌లోకి తెస్తే రెండు నిమిషాలు చూసే తీరిక ఉండదు. చదువుకున్నవాళ్లకి ఇది తగదు.

హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే, "ఎందుకమ్మా గొడవ, పాస్ మార్కులు వేస్తార్లే" అన్నారు. పాస్ మార్కులు ఎవరికి కావాలి? అప్లికేషన్ ఇస్తే తీసుకోలేదు. దారి చూపించింది ల్యాబ్ టెక్నీషియన్ అన్న. "ప్రిన్సిపల్ ఆఫీసులో ఇన్‌వర్డ్‌లో ఇయ్యి, నీ కాపీ మీద స్టాంపు వేయించుకో. సిలబస్ జిరాక్స్ కూడా పెట్టు" అన్నాడు. ఇన్‌వర్డ్ అంటే ఆఫీసుకి వచ్చిన కాగితాలు నంబరు వేసి నమోదు చేసుకునే చోటు. సిలబస్‌లో ప్రాజెక్టు మార్కుల కింద డెమోకి విడిగా మార్కులున్నాయి. ఆ లైను కింద గీత గీసి పెట్టాను. స్టాంపు పడిందని తెలిశాక హెచ్‌ఓడీ గొంతు మారిపోయింది.

ప్రిన్సిపల్ గారు పిలిచి, "ఏదీ, చూపించు" అన్నారు. ఆయన నొక్కితే దరువు కుదరలేదు. టీ తెచ్చిన అటెండరుది గంట్యాడ వైపు. నిలబడి చూస్తూ వేలితో బల్ల మీద తాళం వేస్తున్నాడు. ప్రిన్సిపల్ గారే ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పారు. ఒక్క దెబ్బ తప్పకుండా చివరిదాకా ఆడేశాడు. మా టీమ్‌లో కూడా అలా ఆడినవాళ్లు లేరు.

అప్పటికింకా మార్కులు అప్‌లోడ్ కాలేదు కాబట్టి మళ్లీ డెమో పెట్టించారు. ఎక్స్‌టర్నల్ ఈసారి నిలబడే చూశారు. కాసేపటికి కుర్చీ లాక్కున్నారు. "ఆ తప్పెట కొంచెం వెనకబడ్డం కోడా, చేత్తో చేశావా?" అని అడిగారు. చేత్తోనే అని, కదలికలు గీతల్లా కనిపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి చూపించాను. బాగా అడిగారు, బాగా చెప్పాను. మార్కులు కూడా బాగా వేశారు. అన్న మాటకి సారీ మాత్రం చెప్పలేదు. నేను మర్చిపోలేదు.

జూనియర్లకి: ఏ కాగితమూ చేతికి ఇచ్చి రాకండి, ఇన్‌వర్డ్ స్టాంపు తీసుకోండి. సిలబస్ కాపీ మొదటి వారమే సంపాదించండి. గేమ్‌ని మీ ల్యాప్‌టాప్‌లోనే కాకుండా ల్యాబ్ కంప్యూటర్లో కూడా ముందురోజు నడిపి చూసుకోండి, దాని స్క్రీన్ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఉద్యోగాలకి పంపే షోరీల్ (మీ పని చూపించే వీడియో) నిమిషం దాటనివ్వకండి, అన్నిటికన్నా బాగా వచ్చిన షాట్ ముందు పెట్టండి. రికార్డు బైండింగ్‌కి ఎక్కువ డబ్బు తగలెయ్యకండి.

డెమో తప్పనిసరి అని సర్క్యులర్ ఇస్తామని ప్రిన్సిపల్ గారు నాతో అన్నారు. ఇంకా నోటీసు బోర్డు ఎక్కలేదు. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు ఉన్నవాళ్లు నలుగురు కలిసి వెళ్లి అడగండి. నా అప్లికేషన్ కాపీ కావాలంటే ఇస్తాను, దాని మీద ఇన్‌వర్డ్ నంబరు ఉంది.