జగ్గన్నతోటకి మా వాడితో

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తామంటే మా ఆడపడుచు "వాణ్ణి తీసుకునే వెళ్తారా వదినా?" అంది. ఆమె భయం నాకు అర్థమైంది. మా తొమ్మిదేళ్ళ వాడికి ఆటిజం. కుక్కర్ విజిల్ వేసినా చెవులు మూసుకుంటాడు. ప్రభల తీర్థమంటే కొబ్బరితోట నిండా జనం, డప్పులు, బాణసంచా, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భుజాల మీద వచ్చే ఏకాదశ రుద్రుల (పదకొండు శివరూపాల) ప్రభలు. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగుబట్టలతో అలంకరించి, దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ఎత్తైన చట్రం. కానీ వాడికి ప్రభలంటే ప్రాణం. ఫోన్‌లో వీడియో ఆపి మరీ ఆ రంగుల్ని వేలితో తడుముతాడు. గోల ఎక్కువని వాడి ఇష్టాన్ని వాడికి దూరం చెయ్యడం నాకు నచ్చదు.

ఇబ్బంది చప్పుడు ఒక్కటే కాదు. అక్కర్లేని వాటిని మన మెదడు పక్కకి నెట్టేస్తుంది. వాడికి బూర మోత, జీళ్ళ వాసన, ఎండ, ఎవరిదో మోచెయ్యి, అన్నీ ఒకే జోరుతో మీద పడతాయి. మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చినప్పుడు దీన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. ఊళ్ళో ఇంకా "మొండిఘటం" అనేస్తారు. ఆ మాట వింటే నాకు కడుపు రగిలిపోతుంది.

పొద్దున్నే వెళ్ళాం. దుకాణాల వాళ్ళు అప్పుడే టార్పాలిన్లు కడుతున్నారు. ఖాళీగా ఉన్న తోటంతా వాడికి తిప్పి చూపించాను. తోట చివర ఒక పెంకుటింటి పెద్దాయనకి సంగతి చెబితే, "ఆయ్, గేటు తీసే ఉంటాదండి. ఎప్పుడొచ్చినా అరుగు మీద కూర్చోండి" అన్నారు. నా టెన్షన్ సగం అక్కడే తీరింది.

మధ్యాహ్నం ప్రభలు మొదలయ్యాయి. చెవులకి ఇయర్‌మఫ్స్, నెత్తిన టోపీతో జనానికి కాస్త ఎడంగా నిలబడ్డాడు. "అశ్శరభ శరభ" అని కేకలేస్తూ మొదటి ప్రభని తెస్తుంటే మునివేళ్ళ మీద లేచి మరీ చూశాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో పిల్లాడు ప్లాస్టిక్ బూర ఊదాడు. మా వాడు చొక్కా గుండీ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. గొంతులో సన్నగా కూనిరాగం. ఏడుపుకి ముందు వచ్చేవి ఇవే, ఇక్కడే కదలాలి. ముందే అనుకున్నట్టు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. వచ్చేశాం.

అరుగు మీద ఏమీ అడగలేదు. ఆ సమయంలో "ఏమైంది నాన్నా" అన్నా అదీ ఇంకో చప్పుడే. వెనక కూర్చుని రెండు భుజాలూ గట్టిగా అదిమి పట్టుకున్నాను. మెల్లగా నిమిరితే వాడికి చిరాకు, బరువుగా నొక్కితే హాయి. పక్కింటావిడ దిష్టి తీస్తానని ఉప్పు తెచ్చింది. ప్రేమతోనే తెచ్చింది, కాసేపు ఆగమని సైగ చేశాను. కొంతసేపటికి వాడే "గంగలకుర్రు ప్రభ?" అన్నాడు. కౌశిక నది దాటుకుని వచ్చే ఆ ప్రభ వాడికి మరీ ఇష్టం. అక్కడి తొక్కిసలాటలోకి తీసుకెళ్ళలేదు. జనం తలల మీదుగా ఊగుతూ వస్తున్న దాని పైభాగాన్ని అరుగు మీద నిలబడే చూశాడు. చూస్తున్నంతసేపూ చేతులు ఊపుతూనే ఉన్నాడు.

అన్ని ప్రభలూ రాకముందే, రోడ్డు జామ్ కాకముందే బయల్దేరాం.

చలివేంద్రం పెట్టినట్టే తీర్థంలో ఒక చివర మైకూ బూరలూ లేని పందిరి వెయ్యొచ్చు కదా? మైగ్రేన్ ఉన్నవాళ్ళకీ, చంటిపిల్లల తల్లులకీ, పెద్దవాళ్ళకీ కూడా పనికొస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, కాబట్టి ఇది దయతో చేసే పనేమీ కాదు. వచ్చే సంక్రాంతికి నెల ముందే మా మామయ్యగారితో కలిసి ఊరి పెద్దల్ని అడుగుతాను. వాళ్ళు కుదరదంటే పందిరి ఖర్చు మేమే పెట్టుకుంటాం, చోటు చూపిస్తే చాలు.