పై రెక్కలు, కింది రెక్కలు

మా బాబాయి నన్ను తిట్టి నెల దాటింది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌కి తిరిగొచ్చి పనిలో పడ్డాను, అయినా ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తప్ప తేలికపడేలా లేను.

సంక్రాంతికి మూడు వారాల సెలవు మీద గుంటూరు వెళ్లాను. సంగడిగుంటలో మా ఇంటికి నాలుగు కిటికీలు, నాలుగూ నాన్న చేతివే. 1984లో ఇల్లు కట్టినప్పుడు అరండల్‌పేటలో ఎవరిదో పాత బంగళా పడగొట్టారట. ఆ కలప అడితికొస్తే ముక్కముక్కగా బేరమాడి కొని తెచ్చి చేశాడు. బర్మా టేకు. వాటిని తీసేయించి యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాలని పట్టుబట్టింది నేనే. ఇక్కడినుంచే అడ్వాన్సు కూడా కట్టేశాను. కనుమ మర్నాడు కొలతలు తీసుకోవడానికి ఓ కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. సరిగ్గా అదే సమయానికి బాబాయి నాన్నని చూడ్డానికి వచ్చాడు. నాన్నలాగే ఆయనా వడ్రంగే. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఇంకా పనికి పోతూనే ఉన్నాడు.

కుర్రాడు ఏం కొలుస్తున్నాడో అర్థమవగానే బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏరా, మొన్న దీపావళికి స్టేటస్ పెట్టావుగా, ఎవరో దొరసాని ఇంట్లో కిటికీ లోపల మీ నాన్న పేరు రాశానని. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయాం. ఆయన పేరు అక్కడ రాసొచ్చి, ఇక్కడ ఆయన చేసిన కిటికీలు పీకిస్తావా?"

నాన్న ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. "దోమలెక్కువయ్యాయి బాబాయ్" అన్నాను. అంతకుమించి నాకు మాట రాలేదు.

ఆ పేరు సంగతి చెప్పాలంటే ఇక్కడ నేను చేసే పని గురించి చెప్పాలి. మా ఆవిడ నర్సు. ఆవిడ ఉద్యోగం మీద డిపెండెంట్ వీసాతో వచ్చాను. నాది సివిల్ డిప్లొమా. మొదటి ఎనిమిది నెలలు గోడౌన్‌లో పెట్టెలు మోశాను. తర్వాత పాత కిటికీలు బాగుచేసే ఓ చిన్న వర్క్‌షాపులో మనిషి కావాలంటే వెళ్లాను. యజమాని నా సర్టిఫికెట్లు తెరిచి చూడలేదు. మొద్దుబారిన ఉలి ఒకటి చేతిలో పెట్టి నూరమన్నాడు. పదేళ్ల వయసులో నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. నూరి ఇచ్చాక అంచుని బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, సోమవారం రమ్మన్నాడు.

ఇక్కడి పాత ఇళ్ల కిటికీలు మనవాటిలా బయటికి తెరుచుకోవు. రెండు అద్దాల రెక్కలు ఒకదాని వెనక ఒకటి ఉండి పైకీ కిందికీ జారతాయి. సాష్ కిటికీలంటారు. ఫ్రేముకి రెండు పక్కలా లోపల బోలుగా పెట్టెలుంటాయి. వాటిలో పోత ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి. దిమ్మెకి కట్టిన తాడు గిలక మీదుగా వచ్చి రెక్క పక్కన బిగుస్తుంది. కిటికీకి నాలుగు తాళ్లు, నాలుగు దిమ్మెలు. పై రెక్క మూసినప్పుడు పైకే అంటుకుని ఉండాలి కాబట్టి దాని దిమ్మెలు రెక్క కంటే కాస్త బరువుగా ఉంటాయి. కింది రెక్కవి కాస్త తేలిక. ఆ తూకం కుదిరిందంటే చిటికెన వేలితో నెట్టినా కిటికీ కదులుతుంది. మొదటిసారి అలా కదిలినప్పుడు నాకు మన ఊళ్లో బావి గిలక గుర్తొచ్చింది.

ఇవి పాడయ్యేది కూడా ఎక్కువగా మనుషుల వల్లే. రంగు మీద రంగు వేసుకుంటూ పోతే రెక్కలు ఫ్రేముకి అతుక్కుపోతాయి. తాడుకీ రంగు పూస్తారు, అది బిరుసెక్కి తెగుతుంది. అద్దం చుట్టూ లప్పం ఎండి రాలితే ఆ సందులోంచి నీళ్లు దిగి కింది పట్టీ చివుకుతుంది. ఇంటివాళ్లు ఆ చివికిన మూల చూసి మొత్తం కిటికీయే పోయిందనుకుంటారు. చివికింది జానెడు. మిగతాదంతా చల్లటి దేశంలో నెమ్మదిగా పెరిగిన చెట్టు కలప, దగ్గర దగ్గర వలయాలతో గట్టిగా ఉంటుంది. ఆ జానెడు కోసి కొత్త ముక్క అతికితే చాలు. నా కూలీ అంతా ఆ ఒక్క మాటని ఇంటివాళ్లకి నచ్చజెప్పడం మీదే నడుస్తోంది.

మొన్న అక్టోబర్లో ఎనభై దాటిన పెద్దావిడ ఇంట్లో తాళ్లు మారుస్తున్నాను. దిమ్మెల పెట్టెలోకి చెయ్యి పోవడానికి పక్క చెక్కలో ఓ మూత ముక్క ఉంటుంది. ఎన్నో పూతల రంగు కింద దాని కోత కంటికి కనపడదు, వేలితో తడుముకోవాలి. అది ఊడదీసి తిప్పి చూస్తే వెనక పెన్సిల్‌తో ఓ పేరు, 1893 అని సంవత్సరం. ఆవిడకి చూపించాను. చాలాసేపు చూసి, కింద నన్ను కూడా రాయమంది. నాకేమనిపించిందో తెలీదు, నా పేరు రాయలేదు. తెలుగులో నాన్న పేరు రాసి, కింద సంవత్సరం వేశాను. అదేంటో చదివి వినిపించమంది. తనూ రెండుసార్లు పలికి చూసి, తప్పు పోయిందేమోనని మళ్లీ అడిగింది. తర్వాత టీ పెట్టుకొచ్చింది, తను తాగే కప్పులాంటి కప్పులోనే.

ఆ కప్పు గురించే నాకు మనసు తిరుగుతూ ఉంటుంది. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న వెంట బ్రాడీపేట ఇళ్లకి పనికి వెళ్లేవాణ్ని. పనివాళ్ల గ్లాసులు వేరే ఉండేవి, కుళాయి పక్కన బోర్లించి. అది మామూలే అనుకునేవాళ్లం. నాన్నకి బాధ కలిగించింది గ్లాసు కాదు, రిపేరు కూలీ. కొత్త బీరువా చేస్తే అడిగినంత కాకపోయినా ఇచ్చేవారు. అదే బిగుసుకుపోయిన తలుపుని చిత్రిక పట్టి, కిందకి జారిన రెక్కని ఎత్తి బందులు మార్చి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోకాళ్ల మీద కూర్చుని చేస్తే, "ఈ మాత్రం దానికింతా?" అనేవారు. పాతదాన్ని నిలబెట్టడానికి కొత్తది చేసే దానికన్నా ఎక్కువ ఆలోచన కావాలి. ఎక్కడ ఆపాలో, ఎంత వదిలేయాలో తెలియాలి. ఇక్కడ కొన్నిసార్లు ప్లాస్టిక్ కిటికీ కంటే పాతది బాగుచేయడానికే ఎక్కువవుతుంది, అయినా ఇస్తారు. బిల్లు తీసుకున్న ప్రతిసారీ నాకు నాన్న జేబులోని చిల్లర గుర్తొస్తుంది.

అలాగని ఇక్కడివాళ్లకి కలప మీద ప్రేమ పుట్టుకతో వచ్చిందనుకోవద్దు. 1970, 80లలో వీధులకి వీధులే సాష్ కిటికీలు పీకించి పారేశారని మా యజమాని చెప్తాడు. ఇప్పుడు రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇళ్లకి కిటికీ మార్చాలంటే కౌన్సిల్ అనుమతి తీసుకోవాల్సిందే. చట్టం ఉంది కాబట్టి మా వర్క్‌షాపు ఉంది. మా సంగడిగుంట ఇంటికి అలాంటి చట్టం లేదు. మేలో నలభై ఐదు డిగ్రీల ఎండ, రోడ్డు దుమ్ము, డెబ్బై నాలుగేళ్ల నాన్న, అమ్మ, ఇద్దరే. ఏదైనా ఊడితే ఎవరొస్తారు? ఊళ్లో కుర్ర వడ్రంగులంతా ప్లైవుడ్, లామినేట్, మాడ్యులర్ కిచెన్ల పనిలో ఉన్నారు. డబ్బు అందులోనే ఉంది, వాళ్లని తప్పు పట్టను. దూరాన ఉన్న కొడుక్కి రిపేరు అవసరం లేని వస్తువేదైనా దేవుడిలాగే కనిపిస్తుంది. నేను యూపీవీసీ అన్నది ఆ భయంతో. ఇదంతా బాబాయికి చెప్దామనుకున్నాను.

చెప్పలేకపోవడానికి కారణం ఆ రాత్రి అమ్మ చేసిన పని. పడుకోబోయే ముందు పడమటి గది కిటికీకి కింది రెక్కలు వేసి గడియ పెట్టింది, పై రెక్కలు తెరిచింది. నా చిన్నప్పటినుంచీ రోజూ చేసేదే. కింద మూస్తే రోడ్డున పోయేవాళ్లకి ఇల్లు కనపడదు, పైన తెరిస్తే గదిలో వేడి పోతుంది. ఇక్కడ ప్రతి కస్టమరుకీ నేను చెప్పేది ఇదేగా! పై రెక్క కాస్త దించండి, కింది రెక్క కాస్త ఎత్తండి, వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది అని. ఏదో వీళ్లే కనిపెట్టినట్టు చెప్తుంటాను. నేను ఆర్డరిచ్చిన, పక్కకి జారే కిటికీ ఎంత తెరిచినా సగం మూసే ఉంటుంది, పైనా కిందా అన్న తేడాయే ఉండదు. మంచం మీద పడుకుని ఆ పై రెక్కల్లోంచి వచ్చే వెలుతురు చూస్తూ చాలాసేపు మేలుకునే ఉన్నాను.

మర్నాడు ఫోన్ చేసి ఆర్డరు వద్దన్నాను. అడ్వాన్సు వెనక్కి రాదన్నారు. పోనీ అనుకున్నాను.

ముందు పడమటి కిటికీయే పట్టాం, వాన జల్లు కొట్టేది దానికే. స్క్రూడ్రైవరు మొనతో కింది పట్టీ పొడవునా గుచ్చుకుంటూ పోతే కుడి మూల మెత్తగా దిగింది. నాన్న అరుగు మీదనుంచే, "అక్కడ చేవ లేదురా. అది బయటి చెక్క. నాకప్పుడే తెలుసు, ఇంకో ముక్క కొనే డబ్బుల్లేక వేశాను" అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ మూల సంగతి ఆయన మనసులో ఉంది.

పాత రంగు గోకడానికి నాన్న అలవాటుగా గాజు పెంకు తీశాడు. వద్దన్నాను. ఆ రోజుల్లో ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులకి మించకుండా కట్టడి చేసింది 2017 నవంబరు నుంచే. పొడిగా గోకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే తడి చేసి ఉప్పుకాగితంతో రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఇక్కడ మొదటి రోజే నేర్పారు. నాన్న అంతా విని, "ఇన్నేళ్లూ ఇలాగే గోకాం గదరా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మాస్కు ఆయన చెవులకి నేనే తగిలించాను.

అతుకు దగ్గర వాదన వచ్చింది. నాన్న నిలువుగా కోసి చీల కొడదామన్నాడు. ఏటవాలుగా కొయ్యాలి, ఆ వాలు బయటివైపుకి దిగాలి, సందులో నీళ్లు చేరినా బయటికే జారాలి అని నేనన్నాను. పెన్సిల్‌తో గోడ మీద గీసి చూపించాను. కాసేపు చూసి, "వాలు పెట్టు, చీల కూడా కొట్టు" అన్నాడు. అలాగే చేశాం. ముక్క బాబాయి తెచ్చాడు, వాళ్లింట్లో విరిగిన పాత మంచం కోడు, అదీ టేకే. రెండు ట్యూబుల జిగురు కలిపి అతికి, ఓ రోజు వదిలేశాం. చివరి చిత్రిక నాన్న పట్టాడు, మోకాలు వంగదు కాబట్టి ఎత్తు పీట మీద కూర్చుని. ఉల్లిపొరలాంటి పొట్టు లేచింది. తర్వాత కళ్లు మూసుకుని అతుకు మీద బొటనవేలు అటూ ఇటూ నడిపాడు. ఆగలేదు ఆ వేలు ఎక్కడా.

అవిసె నూనె రెండు పూతలు పట్టించాం. నూనె గుడ్డల్ని బాబాయి ఉండచుట్టి మూల పడేయబోతే తీసి పిట్టగోడ మీద విడివిడిగా పరిచాను. కుప్పగా ఉంచితే అవి వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, గుంటూరు ఎండలో ఇంకా తొందరగా. ఆ సంగతి ఆయనకి కొత్త. "నిజమేనా?" అని రెండుసార్లు అడిగాడు. దోమలకి లోపలివైపు బందుల మీద తెరుచుకునేలా జాలీ రెక్కలు చేయించాం.

నేను బయల్దేరేలోపు రెండు కిటికీలే అయ్యాయి. మిగతా రెండూ బాబాయి చేస్తానన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోనన్నాడు. రిపేరు కూలీ కాదు బాబాయ్, కొత్తపని కూలీ, రోజు లెక్కన అని చెప్పి జేబులో పెట్టాను. తీసి లెక్కపెట్టుకుని, నాన్న వంక ఓసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఫోన్ అటూ ఇటూ తిప్పుతుంటే గోడ మీద క్యాలెండరు కనపడింది, ఆగమన్నాను. మే నెల పేజీ ముందే తిప్పి, గ్యాస్ బండ తారీఖులు రాసుకునే చోట, వానలు మొదలవక ముందు వచ్చే ఓ ఆదివారం గడిలో నాన్న పెన్సిల్‌తో రాసుకున్నాడు: కిటికీలకు నూనె.