గవ్వలు వేసి అతికించిన చార్టులు

స్విట్జర్లాండ్ చిత్రకారుడు గాట్‌ఫ్రీడ్ హోనెగ్గర్ పెయింటింగ్ ఫొటోలో చూస్తే అంతా ఒకటే ఎరుపు, అంతే. అసలు సంగతి దాని తయారీలో ఉంది. అట్టముక్కలు కత్తిరించి, కాన్వాసు మీద వరసగా అతికించి, పైన ఒకే రంగు పొరలు పొరలుగా పూసేవారాయన. పక్కనుంచి వెలుతురు పడితేనే గళ్ళు పైకి లేస్తాయి. ఏ ముక్క ఎక్కడ రావాలో కొన్నిసార్లు పాచికలు వేసి తేల్చేవారు.

చీమకుర్తిలో నేను డ్రాయింగ్ టీచర్ని. ఏది గీసినా "ఇది దేని బొమ్మ మేడం?" అని అడుగుతారు మా పిల్లలు. అందుకే హోనెగ్గర్ పద్ధతి వాళ్ళతో చేయించి చూశాను. పాచికలు దొరకలేదు గానీ అష్టాచెమ్మా గవ్వలు ఎవరింట్లోనైనా ఉంటాయి. చార్టు మీద గళ్ళు గీయించాను. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే ఆ గడిలో అన్ని అట్టలు, ఒకదాని మీద ఒకటి. అట్టల కోసం పాత పెళ్ళిపత్రికలు తెచ్చుకున్నారు. పైన నల్లరంగు వేశాం. గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు ఒకమ్మాయి ఆరిన రంగు మీద పెన్సిల్ ముక్కతో రుద్దీ రుద్దీ మెరుపు తెప్పించింది. "పాలిష్ పడితేనే మేడం, రాయిలో ఏముందో తెలిసేది" అంది. దేని బొమ్మ అని ఆరోజు ఎవరూ అడగలేదు.

హోనెగ్గర్ 1917లో జ్యూరిక్‌లో పుట్టారు. గైగీ అనే రసాయనాల కంపెనీలో ఆర్ట్ డైరెక్టర్‌గా చేసి, న్యూయార్క్ వెళ్ళి, తర్వాత పారిస్‌లో స్థిరపడ్డారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం సేకరణ విషయంలో. కళాఖండాలు సేకరించే సిబిల్ ఆల్బర్స్ అనే ఆమెతో కలిసి కూడబెట్టిన కళాఖండాలను పారిస్‌లో పెట్టలేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో కాన్, గ్రాస్ ఊళ్ళ మధ్య మూవాన్ సార్తూ అనే చిన్న ఊళ్ళో, మూడు మూలల పాత కోటలో 1990లో కళాకేంద్రం తెరిచారు. ఆ తర్వాత సేకరణను ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇచ్చేశారు. దానికోసం 2004లో పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు కొత్త భవనం కట్టారు. పిల్లలకి చూడటం నేర్పాలన్నదే ఆయన పట్టుదల. అందుకోసం 'విజర్' అనే ఆటవస్తువు కూడా తయారుచేశారు. 2016లో, 98 ఏళ్ళ వయసులో పోయారు.

చిన్న ఊరి పిల్లలకి కూడా మంచి పెయింటింగ్ కళ్ళెదుట ఉండాలని అంత పెద్ద కళాకారుడు అనుకోవడం నాకు చాలా ధైర్యం. మా చార్టులు వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి తూర్పు వరండాలో తగిలిస్తున్నాం. చుట్టుపక్కల వాళ్ళెవరైనా రావొచ్చు. పొద్దున తొమ్మిదిలోపు రండి, ఎండ ఏటవాలుగా పడేది అప్పుడే.