‘డాబో’ అంటే ఎడమ

ఈ రోజంతా ఒక్క పనితోనే గడిచింది. గుజరాత్‌లో తయారైన రక్తపోటు పరికరానికి ఉన్న వాడుక సూచనలను గుజరాతీ నుంచి హిందీలోకి అనువదించేవారి కోసం వెతుకుతున్నాను. రెండు భాషలూ వచ్చినవారు చాలామందే దొరికారు గానీ, పరికరం ముందు ఒంటరిగా కూర్చున్న రోగిని మనసులో ఉంచుకుని రాసేవారు మాత్రం దొరకడం కష్టమైంది.

నమూనాగా అందరికీ ఒకటే పేరా పంపాను. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, ఎడమ చేతికి మోచేతి మడతకు 2 సెంటీమీటర్ల పైన పట్టీ చుట్టాలి, పట్టీకున్న గొట్టం అరచేతి వైపు దిగాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి అన్నదే అందులోని విషయం. గుజరాతీలో ఎడమను ‘డాబో’ అంటారు. హిందీలో ‘దాయా’ అంటే కుడి. శబ్దం దగ్గరగా ఉండటంతో కాబోలు, ఒకరు ‘దాయే హాథ్’ అని రాసి పంపారు. వాక్యం ఎంత సాఫీగా ఉందంటే, మూలం పక్కన పెట్టుకుని చదవకపోతే ఆ తప్పు నా కంటికీ ఆనేది కాదు. ఎడమ చేతికి చెప్పిన గొట్టం దిశ కుడి చేతికి పొసగదు కదా! ఇంకొకరు పట్టీని ఇంగ్లిష్‌లో లాగే ‘కఫ్’ అని వదిలేశారు. హిందీలో ఆ మాటకు మనం కఫం అనుకునే అర్థమే ముందు తోస్తుంది. ‘మషీన్’ గుజరాతీలో నపుంసకలింగం, హిందీలో స్త్రీలింగం. అక్కడా ఒకరిద్దరు తడబడ్డారు.

నమూనా మొదలుపెట్టకముందే ఫోన్ చేసినది ఒక్కరే. “గొట్టం ఏ వైపు దిగుతుందో తెలిసే బొమ్మ ఉంటే పంపండి మేడమ్, చూడకుండా రాయలేను” అన్నారామె. ఆమె అడిగిన రేటు అందరికన్నా ఎక్కువే అయినా మరో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను. అనువాద సేవలకు 2015లో వచ్చిన ఐఎస్ఓ 17100 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, అనువాదాన్ని మూలంతో పోల్చి చూసే రెండో వ్యక్తి తప్పనిసరి. ఆ వ్యక్తి ఇంకా దొరకలేదు.

సాయంత్రం నమూనా పరికరాన్ని బల్ల మీద పెట్టుకుని, గుజరాతీ ప్రతిని పక్కకు నెట్టి, ఆమె హిందీ వాక్యాలు మాత్రమే చదువుతూ పట్టీ చుట్టుకున్నాను. గొట్టం నా ఎడమ అరచేతి వైపే దిగింది.