పందికి తగిలిన బాణానికి నేను జవాబు చెప్పుకున్న వైనం

అడవి పంది పొడిచినందుకు రావలసిన పరిహారం ఈ శుక్రవారం నా ఖాతాలో పడింది. కోపం చల్లారక ముందే రాసిపెడదామని కూర్చున్నాను. అచ్చంపేట, లింగాల, బల్మూరు వైపు నల్లమల అంచున పల్లి సాగు చేసేవారికి పంది ఎంత ప్రమాదమో ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఎవరో వేసిన బాణం ఒంట్లో దిగిన పంది అంతకంటే ఎంత ప్రమాదమో, ఆ తర్వాత ఆ బాణం సంబంధం లేనివాడి మెడకు ఎలా చుట్టుకుంటుందో తెలిసినవారు తక్కువ.

యాసంగి పల్లి ఊడలు దిగి కాయ పడుతున్న రోజులవి. పందుల గుంపు రాత్రిపూట వచ్చి ముట్టెతో సాళ్ళకు సాళ్ళు తవ్విపోతుంటే, ఏ మేరకు పోయిందో చూద్దామని తెల్లవారుతుండగా చేనికి వెళ్ళాను. గట్టు మీది తుమ్మపొదలో ఒంటరి మగపంది పడుకొని ఉంది. మామూలుగా మనిషి అలికిడి వింటే పంది తానే తప్పుకుంటుంది. ఇది తప్పుకోలేదు, నేరుగా వచ్చి తల పైకి విసిరింది. దాని కింది కోరలు పై కోరలకు రాసుకొని ఎప్పుడూ పదునుగానే ఉంటాయి కనుక నా తొడ కుమ్మినట్లు కాక, కత్తి పెట్టి కోసినట్లు చీలింది. అదే చీలిక ఇంకాస్త లోపలి వైపు పడి ఉంటే పెద్ద రక్తనాళం తెగేదని డాక్టరు చెప్పారు.

ఆసుపత్రి పని సాఫీగానే జరిగింది. గాయాన్ని చాలాసేపు కడిగారు, వెంటనే కుట్లు వేయకుండా వదిలారు, రేబిస్ టీకా మొదలుపెట్టి, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా ఎక్కించారు. కరిచింది కుక్క కాదు గదా, టీకాలెందుకని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వారి మాట వినకండి.

నేను ఇంకా మంచం మీద ఉండగానే తమ్ముడు ఫోన్ చేసి, పంది వాగులో చచ్చి పడి ఉందని చెప్పాడు. "అన్నా, ఊరోళ్ళంత కత్తులు, గిన్నెలు పట్టుకొని వచ్చిన్రు, ఏం జెయ్యాలె?" అని అడిగాడు. ఒక్కరినీ చెయ్యి వేయనివ్వవద్దని, ముందు ఫోటోలు తీసి అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు చెప్పమని అన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మరక్షణ కోసం చంపినా సరే, ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. దాని మాంసం పంచుకున్నవాడు కేసులో ఇరుక్కుంటాడు. ఆ రోజు కూర పోయిందని కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మాట్లాడకపోతే మానె, తొడ చీరుకుపోయి పడి ఉన్నా ఆ మాట చెప్పగలిగిన తెలివి నాకు ఉంది.

పశువైద్యుడు పందిని కోసినప్పుడు భుజంలో విరిగిన బాణం బయటపడింది. ముదురు మగపందికి భుజాల మీద, చర్మం కింద, గట్టి పొర ఒకటి పెరుగుతుంది; పోట్లాటల్లో కోర లోపలికి దిగకుండా అడ్డుకునేది అదే. బాణం ఆ పొరలో చిక్కుకొని, చుట్టూ చీము పట్టి ఉంది. గాయం ఆ రోజుది కాదని వైద్యుడు స్పష్టంగా రాసి ఇచ్చాడు.

పరిహారం దరఖాస్తుకు ఆధార్, పాస్‌బుక్, గాయం సర్టిఫికెట్, పంచనామా అన్నీ జతచేసి పంపాను. అసలు కథ అక్కడినుంచి మొదలైంది. వాంగ్మూలం ఇవ్వాలని ఒక ఆఫీసుకు పిలిపించారు. ఏ ఆఫీసో రాయను. కాలు ముడుచుకోలేని నన్ను గోడకు ఆనుకొని నిలబడమన్నారు, ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద ఆ బాణం ముక్క పెట్టారు. "ఇది నీది కాకపోతే ఎవరిదో చెప్పు, లేకపోతే నీదే అని రాసుకుంటం" అన్నాడు ఆ కుర్చీలో ఉన్నాయన. పంది వచ్చింది నా చేనికి, పొడిచింది నన్ను, కనుక బాణం కూడా నాదేనట. నా కుడిచేతి వేళ్ళు చాపమని, నారి లాగిన కాయలు ఉన్నాయేమోనని తిప్పి తిప్పి చూశాడు. ముప్పయ్యేళ్ళు గడ్డపార పట్టిన చేతికి కాయలు ఉండవా? పక్కన టీ తాగుతున్న ఇద్దరు నవ్వారు. మా ఊళ్ళో నాలుగు తగవులు తీర్చే మనిషిని నేను. ఆ నవ్వు తొడలోని గాయం కంటే ఎక్కువ మండింది.

వారి పట్టుదలకు చట్టంలో ఒక ఆధారం ఉందని తర్వాత వకీలు చెప్పాడు. ప్రాణరక్షణ కోసం వన్యమృగాన్ని చంపినా, గాయపరిచినా నేరం కాదని చెప్పే 11వ సెక్షనే, ఆ సమయంలో మనిషి అదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఆ రక్షణ వర్తించదని కూడా చెబుతుంది. పైగా చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, తరమడం, ఉచ్చు పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక అడవి పంది ఆ చట్టంలోని రక్షిత జంతువుల జాబితాల్లో మూడో షెడ్యూలు నుంచి రెండో షెడ్యూలుకు మారింది. బాణం నాదని తేలితే పరిహారం పోవడమే కాదు, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడే నేరానికి నేనే ముద్దాయిని అవుతాను. ఇదంతా ఒప్పుకుంటాను, కాని చీము పట్టిన గాయమని వైద్యుడు రాసిన కాగితం అదే ఫైలులో ఉండగా, దాన్ని తిప్పి చూడడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నేను కాదని గట్టిగా నిలబడితే, తర్వాత మా వైపు చెంచు పెద్దాయనను పిలిపించారు. విల్లు అనగానే చెంచువాడు గుర్తుకు రావడం ఆ ఆఫీసుల పాత జబ్బు. ఆయన ఏమాత్రం తొణకలేదు. బాణం ముక్కను చేతిలోకి తీసుకొని, మొనను వేళ్ళతో తిప్పితే అది మరలాగా ఊడివచ్చింది. "సారూ, మా అంబుకు ఇనుప మొన కట్టి ఉంటది, ఇట్ల మర తిరగదు. ఈ కట్టె కట్టె కాదు, గొట్టం. ఇది దుకాణం సామాను" అన్నాడు. మూడు రెక్కల ఆ మొనను, వెనుకనున్న ప్లాస్టిక్ ఈకను చూసిన తర్వాత గాని గదిలో మాట తగ్గలేదు. ఫోన్‌లో బొమ్మ చూసి చక్రాల విల్లు తెప్పించుకొనే కుర్రకారు ఎవరో ఆ ఊళ్ళలో అందరికీ తెలుసు, ఎవరూ పేరు ఎత్తరు.

బయటికి వచ్చాక ఆయన చెప్పింది ఆ కుర్రకారు వినవలసినది. పంది గుండె కిందికి, ముంగాళ్ళ మధ్యన ఉంటుంది. దుప్పిని కొట్టినట్లు ఒంటి నడుమ చూసి కొడితే బాణం పేగుల్లో దిగుతుంది, లేదా భుజం పొరలో ఇరుక్కుంటుంది. తూటా దెబ్బకు కూలినట్లు బాణానికి జంతువు కూలదు, నెత్తురు పోయి పడాలి. పందికేమో కొవ్వు రంధ్రాన్ని మూసేస్తుంది, నేల మీద నెత్తుటి జాడ దొరకదు, అది దట్టమైన పొదలోకి దూరి మనిషి వంగి వచ్చేదాకా కదలకుండా ఉంటుంది. "కొట్టుడు పని కాదు బిడ్డా, కొట్టినంక ఎనక పోవుడే పని. సీకట్ల మా తాతలు గూడ పోలే" అన్నాడు. కొట్టి, వెతకడానికి భయపడి ఇంటికి పోయినవాడి పందే తర్వాత నా గట్టు మీద పడుకొంది. కరెంటు తీగలు, నాటు బాంబులు పెట్టేవారు కూడా ఇదే జాతి: తమ చేను ఒక్కటే లోకమనుకుంటారు.

ఆయన మాటలు వాంగ్మూలంగా రాయించి, వైద్యుడి కాగితం నకలు మళ్ళీ జతచేసి, రెండింటికీ అందినట్లు ముద్ర వేయించుకున్నాను. ముద్ర లేని కాగితం ఏ ఆఫీసులోనూ వదలకండి. ఆ తర్వాత ఫైలు పై ఆఫీసుకు పోయింది. అక్కడ ఒక మేడం కూర్చోబెట్టి, చదివి, సంతకం చేశారు. అంతే పని.

పంట నష్టం దరఖాస్తు మాత్రం కదలలేదు. నేను గోడకు నిలబడి చేతులు చూపించుకుంటున్న రోజుల్లోనే కాయ ముదిరి పల్లి పీకవలసి వచ్చింది. ఇప్పుడు చేను ఖాళీగా ఉంది గనుక నష్టం కొలవలేమంటున్నారు. తవ్విన సాళ్ళ ఫోటోలు తమ్ముడి ఫోన్‌లో తేదీలతో సహా ఉన్నాయి. వాటిని ప్రింటు తీయించి సోమవారం వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికి పోతున్నాను.