షెడ్డులో పొట్టు, ఇంట్లో పంచాయితీ

హన్మకొండలో మా కారు షెడ్డే నా వడ్రంగం షాపు. కారు బయట వేపచెట్టు కింద ఉంటుంది, పాపం. టేకు కోసినప్పుడల్లా పొట్టు లేచి ఆరేసిన బట్టల మీద పడటం, మా ఆవిడ నాలుగు మాటలు అనడం మామూలే.

ఈ మధ్య సంగతి కాస్త దారికొచ్చింది. రంపానికీ వాక్యూమ్ క్లీనర్‌కూ మధ్య పాత పెయింట్ బకెట్ పెట్టి, మూత మీద సైక్లోన్ గరాటు బిగించాను. గాలి అందులో గిర్రున తిరుగుతుంది. బరువైన పొట్టు అంచులకు కొట్టుకుంటూ బకెట్‌లోకి జారుతుంది. ఫిల్టర్ ఇప్పుడు ఊరికే మూసుకుపోవట్లేదు. మూత దగ్గర సన్న సందు ఉన్నా పని చెడుతుంది, రబ్బరు వాషర్ వేయాల్సిందే.

నిజానికి కంటికి కనిపించే పొట్టుతో పెద్ద బాధ లేదు, చీపురుతో పోతుంది. టెన్షన్ అంతా చెక్కను నున్నగా చేసే సాండర్ మిషన్ లేపే సన్న దుమ్ముతోనే. మిషన్ ఆపాక కూడా చాలాసేపు గాలిలోనే తేలుతుంది. చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995 నివేదికలోనే చెప్పింది. అందుకే ఎన్95 మాస్క్ తప్పదు, షట్టర్ ఎత్తి ఫ్యాన్‌ను బయటికి తిప్పి పెడతాను. మన మే నెల ఎండల్లో మాస్కుతో పనంటే నరకం, కాబట్టి సాండింగ్ పొద్దున్నే.

బకెట్ నిండితే అమ్మకు సంబరం. పొట్టు పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, సీసా మెల్లగా లాగేస్తుంది, ఆ ఖాళీలోనే మంట. ప్లైవుడ్ పొట్టు మాత్రం ఇవ్వను, ఆ జిగురు పొగ వంటకు వద్దు.